పాత కారు కింద తుప్పు పట్టిందా? పార్ట్ దొరకట్లేదా? కొనేముందు, వెల్డింగ్ చేయించేముందు ఇవి తెలుసుకోండి

పైన పెయింట్ బాగానే ఉంటుంది. ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. ఏసీ కూడా పర్వాలేదు. కానీ సర్వీసింగ్‌కి ఇచ్చిన రోజు మెకానిక్ కారును లిఫ్ట్ మీద పైకెత్తి, కింద స్క్రూడ్రైవర్‌తో అలా పొడుస్తాడు. అది రేకులోంచి నేరుగా లోపలికి దిగిపోతుంది. "సార్, కింద మొత్తం తినేసింది. ఈ పీస్ ఇప్పుడు రావట్లేదు" అంటాడు.

అప్పుడు మన ముందు మూడు దారులు కనిపిస్తాయి. గుజిరీలో పాత పార్ట్ తెచ్చి వేయించడం, రేకు కోసి వెల్డింగ్ పెట్టించడం, లేదంటే కారునే తుక్కుకి ఇచ్చేయడం. నాన్న మొదటిసారి కొన్న కారు అయితే మూడో మాట వినడానికి కూడా మనసు ఒప్పదు.

అయితే ఇక్కడ అసలు ప్రశ్న "పార్ట్ దొరుకుతుందా?" అన్నది కాదు. "ఈ పార్ట్ పాతది వేయొచ్చా, అతుకు పెట్టొచ్చా, లేక కొత్తదే కావాలా?" అన్నది. ఇది తేల్చుకోకుండా దొరికింది కదా అని బిగిస్తే, రోడ్డు మీద బ్రేక్ పెడల్ కిందికి దిగిపోయినప్పుడు తెలుస్తుంది తేడా. కారు అండర్‌బాడీ గురించి తెలుసుకోవాల్సిన విషయాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

మారుతి 800నే ఉదాహరణ ఎందుకు?

మన ఇళ్ల ముందు ఇంకా కనిపించే పాత కార్లలో ముందు వరసలో ఉండేది ఇదే. 1983 డిసెంబర్‌లో వచ్చింది. దేశంలో 25 లక్షలకు పైగా అమ్ముడైంది. బీఎస్-4 నిబంధనలు రావడంతో 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో అమ్మకాలు ఆగిపోయాయి. 2014 జనవరిలో తయారీ కూడా ఆపేశారు.

అంటే హైదరాబాద్ షోరూమ్‌లో కొన్న 800లకు 15 ఏళ్లు నిండిపోయాయి. మిగతా ఊళ్లలో కొన్నవి కూడా ఒక్కొక్కటిగా ఆ వయసుకు వస్తున్నాయి. ఇంజిన్ సామాను ఇప్పటికీ తేలిగ్గానే దొరుకుతుంది. ఇబ్బంది అంతా కింద ఉండే రేకు, బ్రాకెట్లు, పైపులతోనే. జెన్, ఎస్టీమ్, శాంత్రో, పాలియో, ఇండికా ఓనర్లకు కూడా ఈ లెక్క వర్తిస్తుంది.

తుప్పు ఎక్కడ మొదలవుతుంది?

ఇనుముకి నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే వేగం పెరుగుతుంది. అందుకే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్ర తీర ఊళ్లలో తిరిగే కారుకి, వరంగల్‌లో తిరిగే కారుకి తేడా ఉంటుంది. వరదలో మునిగిన కార్ల సంగతి ఇంకో రకం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో వాహనాలు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. అలాంటి కారుకి సీట్లు, కార్పెట్ ఆరబెడితే సరిపోదు. బాడీ డబ్బాల్లోకి వెళ్లిన బురద లోపలే ఉండి తేమను పట్టి ఉంచుతుంది.

ముందుగా చూడాల్సిన చోట్లు ఇవి:

- డ్రైవర్ కాళ్ల కింద, పక్క సీటు కింద ఫ్లోర్ రేకు. అద్దం రబ్బరు లీకైనా, ఏసీ నీళ్ల పైపు మూసుకుపోయినా నీళ్లు ఇక్కడే చేరతాయి. అంటే కింది నుంచే కాదు, కార్పెట్ కింద పైనుంచి కూడా తింటుంది.
- డోర్ల కింద పొడవుగా ఉండే డబ్బా లాంటి భాగం. దీని కింద నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి. మట్టితో అవి మూసుకుపోతే పని అయిపోయినట్టే.
- జాకీ పెట్టే పాయింట్లు.
- చక్రాల వెనక మడ్‌గార్డ్ లోపలి అంచులు.
- సస్పెన్షన్ బోల్టులు బాడీకి పట్టుకునే చోట్లు.
- బ్రేక్ పైపులు, పెట్రోల్ పైపులు క్లిప్పుల్లో కూర్చునే చోట్లు. క్లిప్పు వెనక మట్టి చేరి, అక్కడే పైపు సన్నబడుతుంది.
- పెట్రోల్ ట్యాంక్ పట్టీలు, సైలెన్సర్ హ్యాంగర్లు.

ఇంటి దగ్గరే ఇలా చెక్ చేయండి

ముందు ఒక హెచ్చరిక. జాకీ ఒక్కదాని మీద ఎత్తిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి. జాకీ పాయింటే తుప్పు పట్టి ఉంటే, అది లోపలికి నలిగిపోయి కారు మీద పడుతుంది. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టాలి. లేదంటే లిఫ్ట్ లేదా గుంత ఉన్న గ్యారేజీకి తీసుకెళ్లడమే మంచిది.

స్క్రూడ్రైవర్ పిడితో రేకు మీద మెల్లగా తట్టండి. గట్టి రేకు అయితే 'ఠంగ్' మని మోగుతుంది. లోపల తినేస్తే 'డబ్' మని మొద్దు శబ్దం వస్తుంది. అనుమానం ఉన్న చోట మొనతో కాస్త నొక్కి చూడండి. పెయింట్ ఉబ్బి పొక్కులా లేచిందంటే లోపల తుప్పు పెరుగుతోందని అర్థం. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టే పెయింట్‌ను పైకి తోస్తుంది.

సెకండ్ హ్యాండ్ కారు అయితే చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. అతుక్కోని చోట పుట్టీ లేదా ఫైబర్ పూసి కప్పేసి ఉండొచ్చు. కింద అంతా కొత్తగా నల్ల కోటింగ్ కొట్టి ఉంటే ఇంకాస్త జాగ్రత్తగా చూడండి. కోటింగ్ మంచిదే, కానీ తుప్పును దాచడానికి కూడా దాన్నే వాడతారు.

ఇంకో సింపుల్ టెస్ట్ ఉంది. నేల మీద డోర్ తీసి వేసి చూడండి. లిఫ్ట్ మీద ఎత్తాక మళ్లీ తీసి వేయండి. కింద బాగా పడిన డోర్, పైన రాసుకుంటోందా? అయితే బాడీ వంగుతోందని గుర్తు. అది ఒక్క పార్ట్ సమస్య కాదు, మొత్తం డొక్కు బలం తగ్గిపోయిందని అర్థం.

పార్టులను మూడు గంపల్లో వేయండి

మెకానిక్ ఇచ్చిన లిస్టు పట్టుకుని నేరుగా మార్కెట్‌కి పరిగెత్తకండి. ముందు ఆ లిస్టును మూడుగా విడదీయండి.

మొదటి గంప: కొత్తది తప్ప వేరేది వద్దు. బ్రేక్ పైపులు, బ్రేక్ హోస్‌లు, వీల్ సిలిండర్లు, బాల్ జాయింట్లు, రబ్బరు బుష్‌లు, పెట్రోల్ హోస్‌లు ఇందులోకి వస్తాయి. ఇంకో కారు నుంచి తీసిన పాత బ్రేక్ పైపు కూడా మీ పైపు లాగే ముసలిదే. పైకి బాగానే కనిపిస్తుంది, తీసి బిగించేటప్పుడు వంచగానే పగుళ్లిస్తుంది.

ఇక్కడ ఒక మంచి వార్త. మీ కారు బ్రేక్ పైపు రెడీమేడ్‌గా దొరక్కపోయినా కంగారు అక్కర్లేదు. బ్రేక్ కోసమే తయారైన ఉక్కు గొట్టం లేదా రాగి-నికెల్ మిశ్రమ గొట్టం తెచ్చి, పాత పైపు కొలతకి వంచి, కొసలను ఫ్లేరింగ్ టూల్‌తో చేయించుకోవచ్చు. కొస ఆకారం పాతదానిలాగే ఉండాలి, తేడా వస్తే లీక్ ఖాయం. ఫ్రిజ్, ఏసీ పనులకు వాడే మామూలు రాగి గొట్టం మాత్రం వద్దు. అది అదురుకి పగులుతుంది. పైపు మార్చాక గాలి పూర్తిగా తీయించాలి. ఆయిల్ మూత మీద ఏ డాట్ నంబర్ రాసి ఉందో అదే పోయించండి.

రెండో గంప: పాతది వేయొచ్చు, కానీ పరీక్ష చేశాకే. క్రాస్ మెంబర్, వెనక యాక్సిల్ బీమ్, ఇంజిన్ కింద వచ్చే బ్రాకెట్లు, బంపర్ బ్రాకెట్లు, ట్యాంక్ పట్టీలు ఈ కోవలోవి. ఇవి మందపాటి ఇనుము. తుప్పు పైపైన ఉంటే శుభ్రం చేసి వాడుకోవచ్చు. వంపు, పగులు, పాత వెల్డింగ్ అతుకు ఉంటే వదిలేయండి. లోయర్ ఆర్మ్ కొత్తది దొరుకుతుంటే దాన్నే తీసుకోండి. పాతది తప్పదంటే బుష్, బాల్ జాయింట్ కొత్తవి వేయించాల్సిందే.

పెట్రోల్ ట్యాంక్ కూడా ఈ గంపలోనే, కానీ ఒక షరతు మీద. లోపల తుప్పు పొడి ఉంటే ఫిల్టర్, పంప్ రెండూ పాడవుతాయి. టార్చ్ వేసి లోపల చూడకుండా కొనొద్దు. చిల్లు పడిన ట్యాంక్‌కి రోడ్డు పక్కన వెల్డింగ్ మాత్రం అసలే వద్దు. 'ఖాళీ చేశాం కదా' అంటారు. ఖాళీ ట్యాంక్‌లో మిగిలిన పెట్రోల్ ఆవిరే పేలుతుంది.

మూడో గంప: కోసి, కొత్త రేకు వేసి చేయించేవి. ఫ్లోర్ రేకు, డోర్ కింది డబ్బా, మడ్‌గార్డ్ లోపలి అంచు, బ్యాటరీ ట్రే లాంటివి. సైలెన్సర్‌ను కూడా కొలతకి చేసిచ్చే షాపులున్నాయి. వీటి కోసం నెలల తరబడి వెతకక్కర్లేదు. మంచి టింకర్ దొరికితే చాలు.

దొరకని పార్ట్‌ను ఎలా వెతకాలి?

ముందు పార్ట్ నంబర్ పట్టుకోండి. కంపెనీ డీలర్ స్పేర్స్ కౌంటర్‌లో మీ ఆర్‌సీలోని ఛాసిస్ నంబర్ చెబితే, కేటలాగ్‌లో చూసి సరైన నంబర్ తీస్తారు. చాలాసార్లు పాత నంబర్ ఆగిపోయి, దాని బదులు కొత్త నంబర్‌తో అదే పార్ట్ వస్తూ ఉంటుంది. పాత నంబరే పట్టుకుని అడిగితే "లేదు సార్" అనే జవాబే వస్తుంది. కాబట్టి "దీనికి బదులు వచ్చిన నంబర్ ఏంటి?" అని అడగండి.

తర్వాత, పాత స్పేర్స్ స్టాకు పెట్టుకునే షాపులు. హైదరాబాద్‌లో రాణిగంజ్, పుత్లిబౌలి వైపు, విజయవాడలో ఆటోనగర్‌లో ఏళ్ల నాటి డబ్బాలు అలాగే ఉన్న దుకాణాలు కనిపిస్తాయి. విప్పిన పాత పార్ట్‌ను సంచిలో వేసుకెళ్లండి. ఫోన్‌లో ఫొటో కంటే చేతిలో పీస్ ఉంటేనే పని త్వరగా అవుతుంది. బోల్టు రంధ్రాల మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకోండి.

'అదీ ఇదీ ఒకటేనన్నా, పెట్టేయొచ్చు' అనే మాట దగ్గర మాత్రం ఆగండి. మారుతి 800, ఓమ్నీ రెండూ 796 సీసీ ఇంజిన్‌తో వచ్చాయి. ఇంజిన్ సామాను చాలావరకు కలుస్తుంది. కానీ 800లో ఇంజిన్ శక్తి ముందు చక్రాలకి వెళ్తుంది, ఓమ్నీలో వెనక చక్రాలకి. కింద నిర్మాణమే వేరు. ఇంజిన్ కలిసింది కదా అని అండర్‌బాడీ పార్ట్ కూడా కలుస్తుందనుకుంటే డబ్బు దండగ.

గుజిరీకి వెళ్తున్నారా?

పాత కార్లు విప్పి అమ్మే మార్కెట్లు దేశమంతటా ఉన్నాయి. చెన్నైలో పుదుపేట, ఢిల్లీలో మాయాపురి అలాంటివే. తక్కువ రేటు సరే, కానీ ఆ పార్ట్ ఎక్కడిది? ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో సోతీగంజ్ మార్కెట్‌ను 2021 డిసెంబర్‌లో పోలీసులు మూయించారు. దొంగ వాహనాలను అక్కడ విప్పి అమ్ముతున్నారన్నదే ఆరోపణ. దొంగ సొత్తు అని తెలిసి కొంటే కొన్నవాళ్ల మీద కూడా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద కేసు పెట్టొచ్చు.

అందుకే బిల్లు అడగండి. చేతిరాత బిల్లయినా షాపు పేరు, తేదీ, పార్ట్ పేరు ఉండాలి. నంబర్ గీకేసిన పార్ట్ ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

ఇంకో మాట. ఛాసిస్ నంబర్ కొట్టి ఉన్న రేకును కోయడం, మార్చడం, ఇంకో కారుది తెచ్చి అతకడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. ఆ చుట్టుపక్కల తుప్పు ఉంటే, పని మొదలుపెట్టేముందే ఆర్టీఏ ఆఫీసులో అడగండి.

వెల్డింగ్ పని ఎలా ఉండాలి?

రిపేర్ పేరుతో ఎక్కువగా జరిగే తప్పు ఏంటంటే, తుప్పు రేకు మీదే కొత్త రేకు పెట్టి నాలుగు టాకాలు వేసేయడం. రెండు రేకుల మధ్య నీళ్లు నిలిచి, మళ్లీ అక్కడే తినేస్తుంది. సరైన పద్ధతి ఇది:

1. సీట్లు, కార్పెట్ తీసేయాలి. బ్యాటరీ టెర్మినల్ విప్పాలి. పని చేసే చోటికి దగ్గరగా పెట్రోల్ ట్యాంక్, పైపులు ఉంటే తీసి పక్కన పెట్టాలి. గ్యాస్ కిట్ ఉన్న కారు అయితే సిలిండర్‌ను బయటికి తీయించాల్సిందే. పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాలి.
2. గట్టి ఇనుము కనిపించేదాకా తుప్పును కోసేయాలి. చిల్లు అరచేయంత ఉంటే, కోసేసరికి రెండు అరచేతులంత అవ్వడం మామూలే.
3. ఫ్లోర్‌కి 20 గేజ్, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్ల రేకు సరిపోతుంది. అసలు రేకు మందాన్ని బట్టి తీసుకోవాలి. గట్టిగా ఉంటుందని మందపాటి ప్లేట్ వేస్తే, దాని పక్కన ఉన్న పల్చని రేకు చిరుగుతుంది.
4. పల్చటి రేకుకి సీవోటూ వెల్డింగ్ మంచిది. గ్యాస్ వెల్డింగ్ వేడికి చుట్టుపక్కల రేకు వంకర పోతుంది. ఒకేసారి బారుగా కాకుండా, అక్కడక్కడ చుక్కలు పెడుతూ కలపాలి.
5. అతుకు గ్రైండ్ చేసి, ప్రైమర్ కొట్టి, సందుల్లో సీలర్ నింపి, ఆ తర్వాతే కింద కోటింగ్.

సస్పెన్షన్ బోల్టులు పట్టుకునే చోటు తుప్పు పడితే అది మామూలు అతుకు పని కాదు. చక్రం నిలబడేది అక్కడే. కొలతలు తీసి బాడీ పని చేసే షాపులోనే చేయించండి. లోయర్ ఆర్మ్, క్రాస్ మెంబర్ లాంటివి పగిలితే అతుకు వేయించకండి, మార్చేయండి.

బిగించేటప్పుడు చిన్న జాగ్రత్తలు

తుప్పు పట్టిన నట్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయమనండి. తొందరపడి తిప్పితే బోల్టు తెగి, అరగంట పని ఒక రోజు పని అవుతుంది. నట్టును మంటతో కాల్చే ముందు పక్కన బ్రేక్ హోస్ గానీ పెట్రోల్ పైపు గానీ లేదని చూసుకోవాలి. కొత్త బోల్టు వేసేటప్పుడు దాని తల మీద ఉండే గ్రేడ్ నంబర్ పాతదానితో కలవాలి. సస్పెన్షన్‌కి మామూలు హార్డ్‌వేర్ షాపు బోల్టు పనికిరాదు.

రబ్బరు బుష్ ఉన్న బోల్టులను కారు గాల్లో ఉండగా ఫైనల్ టైట్ చేయకూడదు. చక్రాలు నేల మీద ఉండి, బరువు పడ్డాక బిగించాలి. లేదంటే బుష్ మెలిక పడి త్వరగా చిరిగిపోతుంది. చివరగా వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

మళ్లీ తుప్పు పట్టకుండా

తుప్పు మీద కోటింగ్ కొట్టిస్తే తేమ లోపలే ఉండిపోతుంది. ముందు శుభ్రం, తర్వాత ప్రైమర్, ఆఖర్న కోటింగ్. నీళ్లు పోయే రంధ్రాల మీద, సైలెన్సర్ మీద, బ్రేకుల మీద కోటింగ్ పడకూడదు. డబ్బా భాగాల లోపలికి వ్యాక్స్ స్ప్రే కొట్టించండి. వానాకాలం అయ్యాక ఒకసారి కింద మట్టి కడిగించండి. బీచ్‌కి వెళ్లొస్తే మర్నాడే మంచినీళ్లతో కింద వాష్ చేయించండి. కారు వాడకపోయినా తడి మ్యాట్లు తీసి ఎండలో వేయండి.

ఆర్‌సీ సంగతి మర్చిపోవద్దు

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత కారు కండిషన్ చూసి 5 ఏళ్ల చొప్పున రెన్యువల్ చేస్తారు. గడువుకి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో అప్లై చేసుకోవచ్చు. 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10 వేల రూపాయలకు పెంచింది. కాబట్టి కింద పని అంతా ఇన్‌స్పెక్షన్‌కి ముందే పూర్తి చేయించండి. ఫీజు కట్టాక తుప్పు బయటపడితే రెండు ఖర్చులు మీదే.

ఇన్సూరెన్స్ విషయంలోనూ క్లారిటీ ఉండాలి. మామూలు అరుగుదలకు క్లెయిమ్ రాదు, తుప్పు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. వరద నష్టానికి అయితే కాంప్రహెన్సివ్ పాలసీ పనికొస్తుంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే అదీ రాదు.

ఎప్పుడు ఆపేయాలి?

ఫ్లోర్‌లో చిల్లు, సైలెన్సర్, ఒక పక్క డబ్బా వరకు అయితే బాగు చేయించుకోవచ్చు. కానీ రెండు పక్కల డబ్బాలు, సస్పెన్షన్ పట్టుకునే చోట్లు, ఫ్లోర్ మూడూ ఒకేసారి పోయి, లిఫ్ట్ మీద డోర్లు రాసుకుంటున్నాయంటే ఇక ఆగడమే మంచిది. యాక్సిడెంట్ జరిగితే గుద్దుకునే బలాన్ని తీసుకోవాల్సింది ఆ రేకే. అది లేని కారులో సీటు బెల్ట్ కూడా పట్టుకోవడానికి గట్టి చోటు ఉండదు.

అప్పుడు కూడా కారును గుజిరీ వాళ్లకి ఊరికే అమ్మేయకండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ సెంటర్‌కి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. కొత్త వాహనం కొనేటప్పుడు అది పనికొస్తుంది. అన్నింటికంటే ముఖ్యం, ఆర్‌సీ రద్దు చేయించుకోవాలి. లేదంటే ఆ నంబర్‌తో ఎవరు ఏం చేసినా పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే.

ఒక్క చూపులో

- బ్రేక్, స్టీరింగ్, రబ్బరు సామాను: కొత్తదే.
- మందపాటి ఇనుప పార్టులు: పాతవి అయినా పర్వాలేదు, వంపు, పగులు, అతుకు లేకపోతేనే.
- ఫ్లోర్, డబ్బా రేకు: కోసి కొత్తది వేయించాలి, పైన అతికించకూడదు.
- పెట్రోల్ ట్యాంక్: రోడ్డు పక్కన వెల్డింగ్ వద్దు.
- పాత పార్ట్: బిల్లు లేకుండా వద్దు.
- ఛాసిస్ నంబర్ ఉన్న రేకు: ముట్టుకోవద్దు.

ఈసారి కారు వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు బయట కుర్చీలో కూర్చుని ఫోన్ చూడకండి. లిఫ్ట్ ఎక్కాక ఒక్క ఐదు నిమిషాలు మీరూ కిందికెళ్లి, టార్చ్ వేసి, బ్రేక్ పైపులు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చూడండి. తడి మరక కనిపిస్తే ఆ రోజు కారును ఇంటికి తీసుకెళ్లకండి.